లోహాల చరిత్ర – 9: కాలంతో గట్టిపడిన రేకు

1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే కనిపెట్టిన విద్యుద్విశ్లేషణ పద్ధతిని గత భాగంలో వివరించడం జరిగింది. బాక్సైటు నుంచి అల్యూమినాను వేరుచేసే కార్ల్ బేయర్ పద్ధతి దానికి తోడైన తరువాత అల్యూమినియం ధర వేగంగా పడిపోయి, పంతొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి అది చక్రవర్తుల భోజనపు బల్లల మీది అపురూప వస్తువుగా ఉండడం మాని, వంటగిన్నెలకు వాడే మామూలు లోహమైంది. ధర సమస్య తీరింది గానీ, అంతకన్నా మొండిదైన మరొక సమస్య అలాగే మిగిలిపోయింది.

ఆ సమస్య మెత్తదనం. అల్యూమినియం ఇనుము బరువులో మూడో వంతు మాత్రమే తూగుతుంది. అయితే శుద్ధమైన అల్యూమినియం రేకును మెత్తబరచిన స్థితిలో లాగి పరీక్షిస్తే చదరపు మిల్లీమీటరుకు సుమారు 9 కిలోల బరువు దగ్గరే తెగిపోతుంది. మామూలు మెత్తని ఉక్కు రేకు అదే పరీక్షలో 40 కిలోల దాకా నిలుస్తుంది. కాబట్టి తేలికదనం వల్ల వచ్చే లాభమంతా బలహీనత వల్ల వచ్చే నష్టంలో కొట్టుకుపోయేది. రాగి, జింకు వంటి లోహాలను కలిపి చూసినప్పుడు బలం కొంత పెరిగింది గానీ, పాలు ఎక్కువైన కొద్దీ మిశ్రమం పెళుసెక్కి రోలర్ల కింద పగిలిపోయేది. ఈ చిక్కును విప్పడానికి కొత్త మూలకమేదీ అవసరం కాలేదు. అప్పటికే అందరికీ తెలిసిన లోహాలతో చేసిన మిశ్రమాన్ని ఎంత వేడికి తీసుకుపోవాలి, ఎంత త్వరగా చల్లార్చాలి, చల్లార్చిన తరువాత ఎంతకాలం కదపకుండా ఉంచాలి అన్న క్రమం తెలియడమే అవసరమైంది. విమాన చరిత్రలు రూపకర్తల పేర్లను, విమానాలను నడిపిన సాహసికుల పేర్లను విరివిగా స్మరిస్తాయి; కొలిమి దగ్గర, పోత గొయ్యి దగ్గర, రోలింగ్ మిల్లు దగ్గర ఆ క్రమాన్ని నిలబెట్టినవారికి మాత్రం వాటిలో దక్కవలసిన చోటు దక్కలేదు. ఈ భాగం వారి పనికి సంబంధించినది.

క్రమంలోని మొదటి సూత్రాన్ని పట్టుకున్నవాడు ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే జర్మన్ లోహశాస్త్రజ్ఞుడు. 1869లో పుట్టిన విల్మ్, 1901 నుంచి బెర్లిన్ దగ్గరి నాయ్‌బాబెల్స్‌బెర్గ్‌లోని ఒక శాస్త్ర సాంకేతిక పరిశోధన కేంద్రంలో పనిచేశాడు. తూటాల గొట్టాలకు వాడే ఇత్తడికి బదులు తేలికైన, గట్టి అల్యూమినియం మిశ్రలోహాన్ని తయారుచేయడం ఆయనకు అప్పగించిన పని. విల్మ్ ఈ పనికి ఉక్కు నేర్పిన పాఠాన్ని ఆధారం చేసుకున్నాడు. ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా నీళ్లలో ముంచితే ముంచిన క్షణంలోనే అది గట్టిపడుతుందని ప్రతి కమ్మరికీ తెలుసు. అదే ఉపాయం అల్యూమినియం మిశ్రమాల మీద పనిచేస్తుందేమోనని విల్మ్ ఏళ్ల తరబడి రకరకాల పాళ్లతో ప్రయోగాలు చేస్తూ పోయాడు. ఫలితాలు ఆశాజనకంగా లేవు. నీళ్లలోంచి తీసిన ముక్క మెత్తగానే ఉండేది.

1906లో ఆయన సుమారు 4 శాతం రాగి, అర శాతం మెగ్నీషియం ఉన్న మిశ్రమాన్ని 520 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి నీళ్లలో చల్లార్చి, గట్టిదనం కొలవమని సహాయకుడు యాబ్లోన్‌స్కీకి ఇచ్చాడు. అది శనివారం. మధ్యాహ్నానికి ప్రయోగశాల మూసివేస్తారు గనుక కొన్ని కొలతలు మాత్రమే తీసుకుని మిగిలినవి సోమవారానికి వాయిదా వేశారు. సోమవారం అదే ముక్కను అదే పరికరంతో కొలిస్తే గట్టిదనం శనివారంకన్నా స్పష్టంగా ఎక్కువగా కనిపించింది. మధ్యలో ఆ ముక్కను ఎవరూ వేడిచేయలేదు, సాగగొట్టలేదు. అది గది వేడిమిలో ఊరికే పడి ఉంది. ఇటువంటి సందర్భంలో కొలత తప్పిందని భావించి మొదటి అంకెను కొట్టివేయడం ఏ ప్రయోగశాలలోనైనా జరగగల పనే. విల్మ్ అలా చేయక, చల్లార్చిన ముక్కలను గంట గంటకూ, రోజు రోజుకూ కొలిపించి, గట్టిదనం మొదట వేగంగానూ తరువాత మందగిస్తూనూ పెరిగి నాలుగైదు రోజులలో ఒక స్థాయికి చేరి నిలుస్తుందని నిర్ధారించుకున్నాడు. లోహం కాలం గడిచేకొద్దీ తనంత తాను బలపడే ఈ ధర్మాన్నే వయోదృఢీకరణ అంటారు. మానవుడు కొన్నివేల ఏళ్లుగా లోహాలతో పనిచేస్తున్నా, అంతకుముందు ఎవరూ దీనిని ఇంత విస్పష్టంగా గుర్తించి నమోదు చేయలేదు.

1909లో విల్మ్ పొందిన పేటెంటు హక్కులతో డ్యూరెన్ పట్టణంలోని లోహ కర్మాగారం ఈ మిశ్రలోహాన్ని డ్యూరాలుమిన్ అన్న వ్యాపారనామంతో అమ్మడం మొదలుపెట్టింది. రోల్ చేసి, వేడిచేసి, చల్లార్చి, నాలుగు రోజులు ఉంచిన డ్యూరాలుమిన్ రేకు చదరపు మిల్లీమీటరుకు 40 కిలోల దాకా, అంటే మెత్తని ఉక్కుతో సమానంగా తట్టుకునేది. బరువు మాత్రం ఉక్కులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. తూటా కోసం సాగిన వెతుకులాట ఇలా ఆకాశయానానికి పనికివచ్చింది. బ్రిటన్‌లో విక్కర్స్ సంస్థ బారో రేవులో నిర్మించిన మేఫ్లై అన్న నౌకాదళ ఆకాశనౌకకు డ్యూరాలుమిన్ చట్రం వాడారు. 1911 సెప్టెంబరు 24న షెడ్డు నుంచి బయటికి తీస్తుండగా ఆ నౌక నడిమికి విరిగిపోయి, ఒక్కసారి కూడా ఎగరకుండానే దాని చరిత్ర ముగిసింది. జర్మనీలో జెప్పెలిన్ సంస్థ 1914లో డ్యూరాలుమిన్‌ను స్వీకరించి, యుద్ధకాలపు నౌకలకు దానితో దూలాలు కట్టింది. విమానాలలో దాని వాడుకకు బాట వేసినవాడు హ్యూగో యూంకర్స్. 1915లో ఆయన నిర్మించిన మొదటి లోహ విమానం ఉక్కు రేకుది. అది మరీ బరువెక్కడంతో ఆయన డ్యూరాలుమిన్‌కు మారి, 1919 జూన్‌లో ఎఫ్ 13 అనే పూర్తి లోహపు ప్రయాణికుల విమానాన్ని ఎగరేశాడు. దాని రెక్కలకూ ఒంటికీ తొడిగినది నున్నని రేకు కాదు, ముడతలు తేల్చిన రేకు. పలచని రేకు ఒత్తిడికి సులభంగా వంగిపోతుంది గనుక దానికి బిగువు తెచ్చే మార్గాలలో ముడతలు పెట్టడం అప్పటికి అన్నిటికన్నా సులువైనది.

ఇంత విస్తారంగా వాడుకలోకి వచ్చిన తరువాత కూడా, రేకు ఎందుకు గట్టిపడుతుందో విల్మ్‌కు గానీ డ్యూరెన్ కర్మాగారంవారికి గానీ తెలియదు. మొదటి వివరణ 1919లో అమెరికా ప్రమాణాల సంస్థలో పనిచేసిన పాల్ మెరికా, వాల్టెన్‌బర్గ్, స్కాట్ అనే ముగ్గురి నుంచి వచ్చింది. వేడిమి పెరిగేకొద్దీ ఘన అల్యూమినియం ఎక్కువ రాగిని తనలో కలుపుకుంటుందనీ, చల్లారేకొద్దీ ఆ శక్తి తగ్గిపోతుందనీ వారు కొలిచి చూపారు. 548 డిగ్రీల దగ్గర అల్యూమినియం దాదాపు 5.7 శాతం రాగిని కలుపుకోగలదు. గది వేడిమిలో ఒక శాతంలో పదో వంతును కూడా నిలుపుకోలేదు. మెల్లగా చల్లారిస్తే అదనపు రాగి అల్యూమినియంతో కలిసి పెద్ద పెద్ద రేణువులుగా విడిపోతుంది, అప్పుడు లోహం మెత్తగా ఉంటుంది. నీళ్లలో ముంచి ఒక్కసారిగా చల్లారిస్తే రాగి పరమాణువులకు విడిపోయే వ్యవధి దొరకక, పలుకులు కట్టకుండా చల్లారిన చక్కెర పాకంలోలాగా, ఉండరాని మోతాదులో లోపలే చిక్కుకుపోతాయి. ఇలా చిక్కుబడిన స్థితిని అతిసంతృప్త ఘన ద్రావణం అంటారు. ఆ తరువాత గంటలలో, రోజులలో రాగి పరమాణువులు మెల్లగా కూడుకుని కంటికీ సూక్ష్మదర్శినికీ కనిపించనంత చిన్న గుంపులు కడతాయి. లోహం వంగాలంటే దానిలోని స్ఫటిక పొరలు ఒకదానిమీద ఒకటి జారాలి గనుక, ఆ గుంపులు జారుడుకు అడ్డుపడి లోహాన్ని గట్టిపరుస్తాయి.

వారి వివరణ ఊహగా మొదలై, దాదాపు ఇరవై ఏళ్ల తరువాత గాని ప్రత్యక్ష రుజువు పొందలేదు. 1938లో పారిస్‌లో ఆంద్రే గినియే, ఇంగ్లండులో జార్జ్ ప్రెస్టన్ ఎక్స్ కిరణాల సాయంతో విడివిడిగా పరిశీలించి, రాగి పరమాణువులు ఒకే ఒక పరమాణువు మందాన పలచని పళ్లేలలా పేరుకుంటున్నాయని చూపారు. ఇద్దరి పేర్ల మీదుగా వాటిని గినియే-ప్రెస్టన్ మండలాలంటారు. విల్మ్ ఆ సంగతి తెలుసుకోలేదు. పేటెంటు వ్యాజ్యాలతో విసిగి 1919లో లోహశాస్త్రాన్ని విడిచి, సైలీసియాలో వ్యవసాయం చేసుకుంటూ 1937లో మరణించాడు. తెలిసిన పద్ధతి మూడు దశాబ్దాల పాటు తెలియని కారణంతో నడిచిందన్నమాట. సిద్ధాంతం ముందు పుట్టి పరిశ్రమ దాని వెంట నడుస్తుందన్న అభిప్రాయానికి డ్యూరాలుమిన్ చరిత్ర ఏమాత్రమూ లొంగదు.

ప్రయోగశాలలో అరచేతి ముక్కను గట్టిపరచడానికీ, కర్మాగారంలో మీటర్ల వెడల్పు రేకును అంచు నుంచి అంచు దాకా ఒకే బలంతో తయారుచేయడానికీ ఎంతో తేడా ఉంది. ఆ తేడా పోత దగ్గరే మొదలవుతుంది. కరిగిన అల్యూమినియం గాలిలోని తేమను విడగొట్టి హైడ్రోజన్‌ను విపరీతంగా పీల్చుకుంటుంది. గడ్డకట్టేటప్పుడు ఆ వాయువుకు లోపల చోటు చాలక బుడగలై నిలిచిపోతుంది. అలా బుడగలు నిలిచిన దిమ్మెను రోల్ చేస్తే బుడగలు చదునై కనుమరుగవుతాయి గానీ, తరువాత ఉష్ణచికిత్స కొలిమిలోకి వెళ్లినప్పుడు రేకు మీద పొక్కులై లేస్తాయి. రెండో చిక్కు తెట్టు. కరిగిన లోహం పైన క్షణాలలో కట్టే ఆక్సైడు పొర పోసేటప్పుడు లోపలికి మడతపడితే రేకులో అది చీలికకు మొదలవుతుంది. అందుకే తొలినాటి కర్మాగారాలలో ఇనుప అచ్చును వాలుగా పెట్టి, లోహాన్ని చిలకకుండా మెల్లగా పోస్తూ అచ్చును క్రమంగా నిలువుకు తెచ్చేవారు. ఇది పోతగాడి చేతి నేర్పు మీద ఆధారపడిన పని. ఒక దిమ్మెకూ మరొక దిమ్మెకూ పోలిక ఉండేది కాదు.

ఈ రెండిటికన్నా లోతైన చిక్కు మూడోది ఉంది. అచ్చు గోడల నుంచి వేడి మెల్లగా పోయే కొద్దీ ముందు దాదాపు శుద్ధమైన అల్యూమినియం గడ్డకట్టి, రాగి అధికంగా ఉన్న ద్రవం చివరకు రేణువుల నడుమ వలలాగా మిగిలి గడ్డకడుతుంది. అంటే పేరుకు 4 శాతం రాగి ఉన్న దిమ్మెలో ఒక చోట రాగి కొరత, మరొక చోట రాగి మితిమీరి ఉంటాయి. ఆ వల పెళుసుది. అలాగే రోలర్ల కిందికి పంపితే దిమ్మె అంచులు చీలిపోతాయి. అందుకని దిమ్మెను కరగనివ్వకుండా, కరిగే హద్దుకు కొంచెం దిగువన చాలా గంటలపాటు కొలిమిలో నానబెట్టి రాగిని అంతటా సర్దుకోనిస్తారు. ఈ పనిని సమాంగీకరణ అంటారు. పలచని వల త్వరగా సర్దుకుంటుంది, మందమైన వల రోజు గడిచినా సర్దుకోదు. కాబట్టి పోత సమయంలో దిమ్మె ఎంత త్వరగా చల్లారిందన్నది చివరి రేకు గుణాన్ని ముందుగానే నిర్ణయించేస్తుంది.

తరువాత పైపొరను యంత్రంతో చెక్కివేసి, 400 డిగ్రీలకు పైబడిన వేడిలో దిమ్మెను రోలర్ల మధ్య అటూ ఇటూ పలుమార్లు నడిపి పలకగా సాగదీస్తారు. వేడిలో లోహం సాగినంతకాలం రేణువులు నలుగుతూ, మళ్లీ కొత్తగా పుడుతూ పోత గుణం తొలగిపోతుంది. పలచని కొలతకు వచ్చాక మిగిలిన పనిని చల్లని రోలింగుతో పూర్తిచేస్తారు. కొలతలోని ఖచ్చితత్వం, ఉపరితలపు నునుపు దాని వల్లనే వస్తాయి. చల్లని రోలింగులో లోహం బిగుసుకుపోతుంది గనుక మధ్యలో ఒకటి రెండుసార్లు వేడిచేసి మెత్తబరచవలసి రావచ్చు. రోలరు సైతం పని బరువుకు నడుమ వంగుతుంది. ఆ వంపును లెక్కగట్టి రోలరును నడుమ కాస్త ఉబ్బెత్తుగా సానబెట్టకపోతే రేకు అంచులు పలచబడి అలలు తేలుతుంది. రోలింగ్ విద్యలో చాలా భాగం ఈ లెక్కలోనే ఉంది, దీన్ని ఇంతకంటే విపులంగా చెప్పడం ఈ వ్యాసానికి అవసరం లేదు.

అసలైన పరీక్ష ఉష్ణచికిత్సది. తయారైన రేకును మళ్లీ వేడిచేసి రాగిని పూర్తిగా అల్యూమినియంలో కరిగించాలి. ఇందుకు కావలసిన వేడి ఎక్కువైన కొద్దీ మేలు; కాని డ్యూరాలుమిన్ తరువాతి తరం మిశ్రమమైన 24ఎస్ విషయంలో 502 డిగ్రీల దగ్గర రేణువుల నడుమ మిగిలిన రాగి, మెగ్నీషియం సమ్మేళనం కరగడం మొదలవుతుంది. అలా ఒక్కసారి కరిగిన రేకు తిరిగి బాగుపడదు, దాన్ని మళ్లీ కరిగించి పోయవలసిందే. అటు 488 డిగ్రీలకు తగ్గితే రాగి చాలినంత కరగక బలం రాదు. అంటే కొలిమి నడిపేవారికి దొరికిన వెసులుబాటు పదీ పన్నెండు డిగ్రీలు మాత్రమే. ఈ కారణంగా చాలా కర్మాగారాలు గాలి కొలిములు వదిలి, సోడియం నైట్రేటు, పొటాషియం నైట్రేటులను కరిగించిన తొట్టెలలో రేకులను ముంచేవి. ద్రవ లవణం వేడిని అన్ని వైపుల నుంచీ సమంగా అందిస్తుంది. తొట్టె నుంచి తీసిన పలచని రేకు కొద్ది సెకన్లలో నీళ్లలో పడాలి. ఆ సెకన్లు పెరిగితే గాలిలోనే రాగి రేణువుల అంచులలో విడిపోవడం మొదలుపెడుతుంది. నీళ్లలో ఒక్కసారిగా చల్లారడం వల్ల రేకు మెలితిరిగిపోతుంది గనుక, ఇంకా మెత్తగా ఉన్న మొదటి కొద్ది గంటలలోనే దాన్ని రెండు చివర్లూ పట్టి రెండు మూడు శాతం సాగలాగి చదునుచేస్తారు.

ఆ మెత్తదనపు వ్యవధి విమాన కర్మాగారాలలో ఒక విచిత్రమైన ఆచారానికి దారితీసింది. రేకులను జోడించే రివెట్లు కూడా ఇదే జాతి మిశ్రమానివే. చల్లార్చిన వెంటనే దిగ్గొట్టకపోతే అవి గట్టిపడి పగులుతాయి. వేడిమి తగ్గిస్తే పరమాణువుల కదలిక మందగించి, గట్టిపడటం దాదాపు ఆగిపోతుంది. అందుకే వాటిని శీతల పెట్టెలలో గడ్డకట్టే చలిలో దాచి, వాడే కొద్దీ కొన్ని కొన్నిగా తెచ్చి దిగ్గొట్టేవారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో విమానాల వరుసల మధ్య ఇటువంటి శీతల పెట్టెలు ఉండడం సర్వసాధారణమైంది.

1920లలో ఈ విద్యకు గట్టి దెబ్బ తగిలింది. సముద్రపు గాలి సోకిన డ్యూరాలుమిన్ రేకులు పైకి చెక్కుచెదరనట్టు కనిపిస్తూనే లోపల పెళుసెక్కి విరిగిపోతున్నాయని నౌకాదళాలు గమనించాయి. అమెరికా ప్రమాణాల సంస్థలో హెన్రీ రాడన్ చేసిన పరిశోధన, తుప్పు రేణువుల సరిహద్దుల వెంట లోపలికి పాకుతోందనీ, రేకును మరిగే నీళ్లలోనో నూనెలోనో మెల్లగా చల్లార్చినప్పుడు ఈ జబ్బు ఎక్కువనీ తేల్చింది. మెల్లగా చల్లారితే సరిహద్దుల వెంట రాగి సమ్మేళనం గీతగీసినట్టు విడిపోతుంది, ఆ గీత పక్కన రాగి తగ్గిన అల్యూమినియం ఉప్పునీటిలో ముందుగా కరిగిపోతుంది. వంకర రాకుండా ఉండాలని కొన్ని కర్మాగారాలు ఎంచుకున్న సున్నితమైన చల్లార్పే రేకుల ఆయుష్షును తగ్గించిందన్నమాట.

దీనికి దొరికిన పరిహారం ఈ చరిత్ర అంతటిలో అతి సొగసైన ఆలోచనల్లో ఒకటి. పెన్సిల్వేనియాలోని అల్కోవా పరిశోధనశాలలో ఎడ్గర్ డిక్స్ 1927లో ప్రకటించిన ఆల్‌క్లాడ్ రేకులో నడుమ గట్టి మిశ్రలోహం, రెండు వైపులా శుద్ధమైన అల్యూమినియం పలచని పొరలు ఉంటాయి. చెక్కిన దిమ్మెకు అటూ ఇటూ శుద్ధ లోహపు పలకలు బిగించి, వేడి రోలర్ల కిందికి పంపితే ఒత్తిడికి అవి దిమ్మెతో ఏకమై, దిమ్మె రేకయ్యే దాకా దానితో పాటే అదే నిష్పత్తిలో పలచబడతాయి. శుద్ధ అల్యూమినియం తుప్పు పట్టదన్నది దీని మేలులో సగమే. విద్యుద్రసాయన గుణంలో శుద్ధ లోహం రాగి కలిసిన లోహంకన్నా ముందుగా కరిగే స్వభావం కలది. కాబట్టి గీత పడ్డా, అంచు కోసినా, పైపొర తాను కరిగిపోతూ లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరమైంది. ఉష్ణచికిత్సలో ఎక్కువసేపు ఉంచినా, పదేపదే వేడిచేసినా లోపలి రాగి పైపొరలోకి పాకి ఆ రక్షణను చెడగొడుతుంది. 1929లో అమెరికా నౌకాదళం కోసం నిర్మించిన జెడ్ఎంసీ-2 అనే లోహపు తొడుగు ఆకాశనౌకకు పావు మిల్లీమీటరు మందం కూడా లేని ఆల్‌క్లాడ్ రేకునే వాడారు; అది పన్నెండేళ్లు పనిచేసింది.

1930లలో విమానాల రూపం మారింది. ముడతల రేకు గాలిని అడ్డుకుంటుందని తేలడంతో రూపకర్తలు నున్నని రేకుకు మారి, ఆ రేకే బరువులో కొంత మోసే నిర్మాణాన్ని చేపట్టారు. దానికి వెడల్పాటి, మందం సమంగా ఉన్న, లోపాలు లేని రేకులు వేల సంఖ్యలో కావాలి. వాలు అచ్చులలో పోసిన చిన్న దిమ్మెలు ఆ అవసరానికి చాలవు. అచ్చును పెద్దది చేస్తే దిమ్మె మెల్లగా చల్లారి రాగి వల మందమయ్యేది, నడుమ పగుళ్లు వచ్చేవి. 1930ల మధ్యలో అమెరికాలో అల్కోవాకు చెందిన విలియం ఎనార్, జర్మనీలో వాల్టర్ రోత్ దాదాపు ఒకే కాలంలో దీనికి మార్గం కనిపెట్టారు. దిమ్మె ఎంత పొడవైతే అచ్చు అంత పొడవు ఉండాలన్న అలవాటును వారు వదిలేశారు. అడుగు లేని, కొద్ది అంగుళాల ఎత్తున్న చట్రం లాంటి అచ్చుకు లోపల నీటి ప్రవాహం ఉంటుంది. దాని అడుగున ఒక దిమ్మెను మూతలా పెట్టి పైనుంచి లోహం పోస్తారు. అంచు గడ్డకట్టగానే ఆ అడుగు దిమ్మెను యంత్రంతో నిలకడగా కిందికి దించుతారు, పైన పోత ఆగకుండా సాగుతుంది. అచ్చు దాటి కిందికి వచ్చిన గట్టి పెంకు మీద నేరుగా నీటి ధారలు పడతాయి. వేడిలో అత్యధిక భాగం ఆ నీటితోనే పోతుంది గనుక మందమైన దిమ్మె కూడా త్వరగా గడ్డకట్టి, రాగి వల సన్నబడి, సమాంగీకరణ సులభమవుతుంది.

ప్రత్యక్ష శీతల పోత అనదగిన ఈ పద్ధతి నేటికీ ప్రపంచంలో రోలింగుకు వాడే అల్యూమినియం దిమ్మెల తయారీకి ప్రధానాధారం. దీనిలో ప్రమాదమూ ఉంది: పెంకు చిట్లి కరిగిన లోహం గొయ్యిలోని నీళ్లలోకి దూకితే విస్ఫోటనం జరగవచ్చు. కర్మాగారాలలో పోత గొయ్యి దగ్గర పనిచేసేవారు ఇప్పటికీ అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండే చోటు అదే. రెండో ప్రపంచయుద్ధంలో వేలాది విమానాలు కట్టగలగడానికి కారణాలు లెక్కించేవారు కదిలే కూర్పు వరుసలనూ, మహిళా శ్రామికులనూ పేర్కొంటారు, అది న్యాయమే. కాని పోత గొయ్యిలో దిగుతున్న ఆ నిలువు దిమ్మె లేకపోతే ఆ వరుసలకు చేరవలసిన రేకే లేదు. ఈ మాటకు సమర్థనగా 1940 జులైలో బ్రిటన్‌లో జరిగిన ఉద్యమాన్ని చెప్పవచ్చు. విమాన ఉత్పత్తి మంత్రి లార్డ్ బీవర్‌బ్రూక్ పిలుపు విని గృహిణులు తమ అల్యూమినియం గిన్నెలను రాశులుగా పోసి ఇచ్చారు. ఆ త్యాగం నిజమైనది. కాని రకరకాల గిన్నెలు కలిపి కరిగించిన లోహంలో మలినాల లెక్క కుదరక, విమానపు రేకుకు కావలసిన కచ్చితమైన పాళ్లకు అది సరిపోవడం కష్టం.

అల్కోవా 1931లో తెచ్చిన 24ఎస్ మిశ్రమంలో మెగ్నీషియం పాలు ఒకటిన్నర శాతానికి పెరిగి, బలం మొదటి డ్యూరాలుమిన్‌ను మించింది. 1935 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరిన డగ్లస్ డీసీ-3కి ఆల్‌క్లాడ్ పొర ఉన్న ఈ రేకే తొడుగు. ఆ తరువాతి అడుగు జపాన్‌ది. సుమిటోమో సంస్థలో ఇసాము ఇగరాషి రాగికి బదులు జింకును ప్రధానంగా తీసుకుని, సుమారు 8 శాతం జింకు, ఒకటిన్నర శాతం మెగ్నీషియం ఉన్న మిశ్రమాన్ని 1936లో తయారుచేశాడు. జింకు మిశ్రమాల బలం అంతకుముందు ఐరోపాలోనూ తెలిసినదే; కాని బరువు మోస్తున్నప్పుడు కొన్నాళ్లకు వాటంతట అవే పగిలిపోయే గుణం వాటిని పనికిరాకుండా చేసింది. కొద్దిపాటి క్రోమియం చేర్చితే ఆ పగుళ్లు అదుపులోకి వస్తాయని ఇగరాషి కనుగొన్నాడు. చదరపు మిల్లీమీటరుకు 60 కిలోలు దాటే ఆ లోహాన్ని మిత్సుబిషి జీరో యుద్ధవిమానపు రెక్కల ప్రధాన దూలాలకు వాడారు. అమెరికా 1943లో ఇదే జాతికి చెందిన 75ఎస్‌ను విడుదల చేసింది. ఈ లోహం గది వేడిమిలో ఎన్నాళ్లయినా నిలకడకు రాదు గనుక, చల్లార్చిన తరువాత 120 డిగ్రీల దగ్గర ఒక రోజుపాటు ఉంచి గట్టిపరుస్తారు. దీనికి కృత్రిమ వయోదృఢీకరణ అని పేరు. రక్షణ పొర విషయంలోనూ మార్పు తప్పలేదు. జింకు కలిసిన నడిమి లోహమే త్వరగా కరిగే స్వభావానికి చేరువైంది గనుక శుద్ధ అల్యూమినియం దాన్ని కాపాడలేదు. ఒక శాతం జింకు కలిపిన అల్యూమినియాన్ని పైపొరగా వేయవలసి వచ్చింది.

1954లో అమెరికాలో మిశ్రలోహాలకు నాలుగంకెల గుర్తులు స్థిరపరచడంతో 24ఎస్ 2024గా, 75ఎస్ 7075గా మారాయి. ఏ చికిత్స పొందిందో తెలిపే అక్షరం, అంకె వాటి పక్కన చేరతాయి: 2024-టీ3 అంటే వేడిచేసి, చల్లార్చి, చల్లగా సాగదీసి, గది వేడిమిలో గట్టిపరచినది. ఇంజనీరు కొనుగోలు పత్రంలో లోహం పేరుతో పాటు దాని జీవితచరిత్రను కూడా రాయవలసి ఉంటుందని ఆ గుర్తు ఒప్పుకుంటుంది. అదే సంవత్సరం జనవరిలో, ఏప్రిల్‌లో రెండు కామెట్ జెట్ విమానాలు మధ్యధరా ప్రాంతంలో గాలిలోనే విచ్ఛిన్నమయ్యాయి. పీడనం పదేపదే ఎక్కి దిగడం వల్ల ఒంటి రేకులో అలసట పగుళ్లు పుట్టాయని దర్యాప్తు తేల్చిన తరువాత, రేకును ఎంచుకునేటప్పుడు బలం ఒక్కటే చూడకుండా పగులు ఎంత నెమ్మదిగా పాకుతుందో కూడా చూడడం నియమమైంది. దీనివల్ల ఎక్కువ బలమున్న 7075 కన్నా తక్కువ బలమున్న 2024 విమానాల ఒంటి తొడుగుకు దశాబ్దాలపాటు ఇష్టమైన రేకుగా నిలిచింది.

భారతదేశంలో ఈ విద్య రెండో ప్రపంచయుద్ధ కాలంలోనే అడుగుపెట్టింది. ఇండియన్ అల్యూమినియం సంస్థ 1941లో హౌరా దగ్గరి బేలూరులో రోలింగ్ మిల్లును, 1943లో కేరళలోని ఆలుపురంలో లోహాన్ని తీసే కర్మాగారాన్ని నడపడం మొదలుపెట్టింది. తెలుగు నేలకు ఈ చరిత్రతో ఒక సంబంధం రేవు ద్వారా ఏర్పడింది: ఒడిశాలోని దామన్‌జోడిలో ప్రభుత్వరంగ సంస్థ నాల్కో తయారుచేసే అల్యూమినా రైళ్లలో వచ్చి విశాఖపట్నం రేవు నుంచి ఎగుమతవుతుంది. హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల, దాని పక్కనే 1973లో స్థాపించిన మిశ్ర ధాతు నిగమ్ మిశ్రలోహాల స్థాయిలో మరొక సంబంధాన్ని కలిగించాయి. రక్షణ, అంతరిక్ష, రవాణా రంగాలకు కావలసిన మేలురకపు అల్యూమినియం మిశ్రలోహాలను నెల్లూరు జిల్లాలో తయారుచేయడానికి నాల్కో, మిశ్ర ధాతు నిగమ్ కలిసి 2019లో ఉత్కర్ష అల్యూమినియం ధాతు నిగమ్ అనే సంయుక్త సంస్థను ఏర్పాటుచేశాయి. బాక్సైటు గనుల నుంచి ఆ సంస్థ దాకా సాగిన భారతీయ అల్యూమినియం చరిత్రను, తూర్పు కనుమల గిరిజన గ్రామాల మీద దాని ప్రభావంతో సహా, వచ్చే భాగం వివరిస్తుంది.